శ్వేతం–9 మీద చుక్క

శ్వేతం–9 అనే ఆ బొమ్మను లారీలోంచి దించడానికి ఎనిమిదిమందికి గంటన్నర పట్టింది. ఏడడుగుల ఎత్తు, పదకొండడుగుల వెడల్పు. చుట్టూ దూది, దూది మీద చెక్క, చెక్క మీద మళ్ళీ దూది. అన్నీ విప్పి, భీమిలి బీచ్ రోడ్డులో ఉన్న ఆనవాలు ప్రయోగశాల గోడకు దాన్ని ఆనించి, చేతులు దులుపుకుని అందరూ వెనక్కి జరిగి చూశారు. తెల్లరంగు. పైనుంచి కిందిదాకా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే తెల్లరంగు. కుడివైపు కింది మూల మాత్రం మినపగింజంత నల్లచుక్క.

"బొమ్మ ఏదండీ?" అని అడిగాడు లారీ డ్రైవరు.

"ఇదే" అంది సత్యవేణి.

అతను ఇంకోసారి తేరిపార చూసి, "ఇంకా గియ్యడం మొదలెట్టలేదేమో అనుకున్నానండి" అని కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

డ్రైవరును తప్పు పట్టడానికి లేదు. నెలరోజులుగా జిల్లా జిల్లా అంతా అదే మాట అంటోంది. రొయ్యల ఎగుమతిలో పేరుమోసిన రాజ్యలక్ష్మి గారు సముద్రం ఒడ్డున కట్టించిన కళాభవనం కోసం ఈ బొమ్మను ఇరవై ఆరు కోట్లకు కొంటున్నారని తెలిసిన రోజు నుంచి పేపర్లకు పండగే పండగ. ఒకాయన తన ఇంటి తెల్లటి ప్రహరీగోడ ముందు నిలబడి, 'ఇదైతే పాతిక కోట్లకే ఇచ్చేస్తాను' అని ఫొటో దిగితే అది ప్రతి ఫోనులోకీ వెళ్ళింది. బొమ్మ వేసిన సుధాంశు గారేమో దేశదేశాల్లో పేరున్న మనిషి, ముక్కు మీద కోపం. "నా బొమ్మలో ఏముందో ఏ యంత్రమైనా పెట్టి చూసుకోండి!" అని విలేకర్ల మీద అరిచారు. రాజ్యలక్ష్మి గారు ఆ మాటే పట్టుకున్నారు. ఆదివారం కళాభవనం తెరుస్తున్నాం, ఈలోగా ఆనవాలు యంత్రంతో చదివిద్దాం, ఏదైనా ఉంటే తీసుకుంటాను, ఏమీ లేకపోతే నమస్కారం అన్నారు. నోరు జారిన మాటను వెనక్కి తీసుకోవడం సుధాంశు గారికి పుట్టుక నుంచీ చేతకాదు.

ఆ చదివే మనిషి సత్యవేణి.

ఆనవాలు యంత్రాన్ని డాక్టర్ ఆదిశేషయ్య గారు పద్నాలుగేళ్ళు తిప్పలు పడి తయారుచేశారు. అదెలా పనిచేస్తుందని ఎవరైనా అడిగితే ఆయన ఉపన్యాసం ఇవ్వరు. ఎదురుగా నిలబడి నోరంతా తెరిచి ఆవలిస్తారు. అడిగినవాడికీ ఆవులింత వస్తుంది. "చూశావా, నిద్ర నాది, ఆవులింత నీది" అంటారు. రంగు తడిగా ఉన్నప్పుడు వేసేవాళ్ళ చేతి వణుకు అందులో ముద్ర పడి ఆరిపోతుంది. భయపడే చెయ్యి ఒక రకంగా వణుకుతుంది, మురిసిపోయే చెయ్యి ఇంకో రకంగా. కంటికి ఆనని ఆ ముద్రను యంత్రం సన్నని వెలుతురుతో పైకి లాగి, చదివేవాళ్ళు వేసుకున్న తొడుగులోకి పంపుతుంది. చేతికి ఆ వణుకు అంటుకుంటుంది, చెయ్యి వెనకే మనసూ వెళుతుంది. దృశ్యాలు కనపడవు, మాటలు వినపడవు. ఆ క్షణాన ఆ మనిషి ఎలా ఉన్నాడో అది మాత్రం తెలుస్తుంది.

ఒకటే చిక్కు. చదివితే అయిపోతుంది. వెలుతురు తాకిన చోట ముద్ర కరిగి చదునైపోతుంది. వస్తువు చెక్కుచెదరదు గాని రెండోసారి చదవడానికి అందులో ఏమీ మిగలదు. అందుకని చదివినవాళ్ళు ఏం చెబితే అదే ఆఖరు.

ఆ బరువు ఎంతో సత్యవేణికి తెలుసు. ఏడాది కిందట ఒకావిడ ఒక కొయ్యపెట్టె తెచ్చింది. పెళ్ళికి ముందు తన భర్త స్వయంగా రంగులద్ది ఇచ్చాడట. సత్యవేణి చదివితే అందులో ఉన్నది ఎవరో ఎడమచేతివాటం మనిషి, అన్నానికి ఎప్పుడు వదులుతారా అన్న విసుగు. భర్తది కుడిచేతివాటం. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆవిడ పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఒక్క అబద్ధం ఆడితే ఆవిడ సంతోషంగా ఇంటికి వెళ్ళేది కదా అని సత్యవేణి ఆ రాత్రి తిండి తినలేదు. "వద్దమ్మా. ఒక్కసారి అబద్ధమాడితే రేపటి నుంచి నీ చెయ్యి నిజంగా ఏం చదివిందో నీకే తెలియకుండా పోతుంది" అన్నారు ఆదిశేషయ్య గారు. ఆ పెట్టె ఇప్పటికీ అల్మరాలోనే ఉంది. అందులో పిన్నులైనా వెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆ సాయంత్రం సత్యవేణి ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళమ్మ నూకాలు పొయ్యి మీద ఎండు నెత్తళ్ళూ వంకాయా కలిపి ఇగురు పెడుతోంది. ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళు ఇద్దరే. నూకాలు సుధాంశు గారి పనిశాలలో పందొమ్మిదేళ్ళు పనిచేసింది. పలకలకు లప్పం పట్టించడం, ఉప్పుకాగితంతో రుద్దడం, తెల్లరంగు పూత మీద పూత వెయ్యడం ఆమె పని. పై పూత మాత్రం ఆయన వేసుకునేవారు. మోకాళ్ళు మొరాయించడంతో మూడేళ్ళ కిందట మానేసింది.

"అమ్మా, మీ బాబుగారి బొమ్మ వచ్చింది మా దగ్గరికి. శ్వేతం తొమ్మిది."

కలియబెడుతున్న గరిటె ఆగింది. "ఏది? సుక్క ఉన్నదా?"

"అదే."

"మీ మిసను తెల్లరంగే సదువుతాదేటి, సుక్కని కూడా సదువుతాదా?"

"అన్నీ చదువుతుంది. అసలు అందరికీ కావలసింది ఆ చుక్కేగా."

అది నిజమే. సుధాంశు గారు ఆ ఒక్క చుక్క గురించి రెండువందల పన్నెండు పేజీల పుస్తకం రాశారు. శూన్యానికి నడిమధ్య స్థానం మూలన ఎందుకుంటుందో అందులో వివరించారు. ఆ పుస్తకం చదివి ముగ్గురు పరిశోధన చేసి పట్టాలు తెచ్చుకున్నారు.

"సుక్కని ఒగ్గీమని సెప్పు మీ సారుతోటి" అంది నూకాలు. "పాతదైపోనాది, ఎలుతురు తగిల్తే రాలిపోతాదేమో."

"రాలదమ్మా. నీకెందుకంత కంగారు?"

"నాకేటి కంగారు? నాకేటీ నేదు" అంది నూకాలు. ఇగురు అడుగంటింది. పాతికేళ్ళలో ఆ పొయ్యి మీద ఇగురు అడుగంటడం సత్యవేణి చూడలేదు. బాబుగారి పరువు గురించి బెంగపడుతోంది కాబోలు అనుకుని, మాడిన వంకాయ ముక్కలు పక్కకు తీసి మిగిలింది తినేసింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టారు. సుధాంశు గారు లోపలికి రానని వరండాలో పచార్లు చేస్తున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి, గట్టిగా నడుస్తారు. రాజ్యలక్ష్మి గారు గోడవారగా కుర్చీ వేయించుకుని కూర్చుని, "చుక్కను ఆఖర్న చూడమ్మా" అన్నారు.

సత్యవేణి తొడుగు వేసుకుని పై మూల నుంచి మొదలుపెట్టింది. వెలుతురు తాకగానే నడుం కలుక్కుమంది. ఆమెది కాదు, ఆయనది. ఆ నొప్పి కింద కాస్త గొప్ప, ఆ గొప్ప కింద ఎవరో ఎక్కడో దీన్ని చూసి ఏమంటారోనన్న ఎదురుచూపు. రెండోచోటా అదే. మూడోచోట నడుంనొప్పి ఎక్కువైంది, ఎదురుచూపు కూడా. నాలుగోచోట రంగు పెచ్చు ముందే సన్నగా లేచి ఉంది, వెలుతురు పై పూతను దాటి కింది పూతలోకి దిగింది. అక్కడ వేరే చెయ్యి. తొందర లేని చెయ్యి. పని కుదురుతున్నప్పుడు ఉండే హాయి తప్ప అందులో ఇంకేమీ లేదు. 'సహాయకులు ఎవరో' అని రాసుకుని ముందుకు పోయింది. తన తల్లి అక్కడ పనిచేసిన సంగతి ఆమెకు తెలియనిది కాదు. కాని అక్కడ అప్పట్లో ఆరుగురు పనివాళ్ళు ఉండేవారు, ఆ హాయికి పేరేమీ రాసి లేదు.

చుక్క దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర దాటింది.

కుంచె కాదు. వేలు. అది మొదట తెలిసింది. ఆ తరవాత గుండె పట్టేసింది. ఎవరో దూరం పోతున్నారు, వాళ్ళకేమీ కాకూడదు, ఎవరి కన్నూ పడకూడదు, ఏమీ కాకూడదు, ఏమీ కాకూడదు. ఉంగరం వేలు మెత్తగా ఆని, చిన్నగా గుండ్రం తిరిగి, ఒక్క క్షణం నొక్కిపెట్టి లేచింది. వేలు లేచే తీరులోనే చెయ్యి ఎటు పోబోతోందో ఉంటుంది. సత్యవేణి చెయ్యి తనంతట తానే పైకి లేచి, కుడిచెవి వెనక జుట్టుకు వేలు రుద్దుకుంది.

"అదేమిటమ్మా, తల దురదా?" అన్నారు ఆదిశేషయ్య గారు.

బుగ్గన చుక్క పెట్టి, వేలికి మిగిలిన కాటుకను కుడిచెవి వెనక తుడుచుకునే మనిషిని సత్యవేణి బడికి పోయే ప్రతి ఉదయమూ చూసింది. లేచి బొమ్మ వెనక్కి వెళ్ళింది. పలక వెనక సుధాంశు గారి చేతిరాతతో, పూర్తయిన తేదీ ఉంది. పదకొండేళ్ళ కిందటి జూన్ పద్నాలుగు. ఆ తేదీ ఆమెకు ఎవరూ గుర్తుచెయ్యనక్కర్లేదు. ఇంజనీరింగు చదవడానికి మొట్టమొదటిసారి ఇల్లు వదిలి రూర్కెలా రైలెక్కిన రోజు. ఆ పొద్దున అమ్మ కాటుకవేలు ముందుకు చాస్తే, "నేనేమన్నా చంటిపిల్లనా? ఫ్రెండ్సు నవ్వుతారు" అని ఆ చెయ్యి తోసేసిన రోజు.

మళ్ళీ ముందుకొచ్చి చుక్క మీద ఇంకోసారి యంత్రం పెట్టింది. పెట్టినా లాభం లేదని ఆమెకు తెలుసు. ఏమీ లేదు. నున్నటి నలుపు. అది తనకోసం పదకొండేళ్ళు దాచి ఉంచిన మూట, తానే విప్పి ఒక్క క్షణంలో ఖర్చుపెట్టేసింది. ఏడుపొచ్చింది. తొడుగు తీసి, "సార్, నేను రేపు చెబుతాను" అంది. ఈ పనిలో చేరిన నాలుగేళ్ళలో ఆమె ఏనాడూ గడువు అడగలేదు. ఆదిశేషయ్య గారు ఆమె మొహం చూసి, "మా యంత్రానికి కాస్త విశ్రాంతి కావాలమ్మా" అని రాజ్యలక్ష్మి గారికి అబద్ధం చెప్పారు. ఆయన చదువరి కాదు కనక చెల్లింది.

"అమ్మా, ఆ చుక్క నువ్వే పెట్టావు."

ఆ సాయంత్రం ఇంట్లో నూకాలు బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. ఒక్కసారిగా బయటపడింది.

"మరేటి సెయ్యమంటావే? ఆయేళ అద్దం నాగ వొచ్చినాది ఆ పలక! పందొమ్మిదేళ్ళలో అంత బాగా ఏదీ రానేదు. తొమ్మిది పూతలు నావే. పైపూత ఆయనేసి, నడుం పట్టీసినాదని భోజనానికెల్లిపోనాడు. తడి ఆరలేదు. అంత తెల్లగ, అంత నున్నగ, ఒక్క మచ్చన్నా నేదు. దిష్టి తగిలీదా, నువ్వే సెప్పు? నువ్వేమో సుక్కొద్దని ఎల్లిపోనావు. కాటుక ఎండిపోలేదు, కొంగున ముడేసుకున్న బరిణి అలగే ఉన్నాది. నీకెట్టాల్సింది దానికెట్టీసినాను. కంటికి కనబడకుండా మూలకే ఎట్టినాను కదా!"

"మరి బాబుగారు చూడలేదా?"

"సూసినాడు. మూడోనాడు. దాని ముందర కూకుని పొద్దుగూకిందాక నెగనేదు. తిడతాడనుకున్నాను. తిట్టనేదు. తరవాత పుస్తకం రాసీసినాడు. ఆళ్ళింటి అమ్మగారు కాఫీ ఇచ్చి మరీ నాకు సదివి ఇనిపించినారు. మూలనున్న సుక్కలోన మూడు లోకాలున్నాయట. నాకు నోరెలగొస్తాది?"

సత్యవేణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నూకాలు తన కొంగుతో మొహం తుడుచుకుని కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఒలే సత్యా, సెప్పకే. ఆయన పేరు పోతాది. పెద్దాయన. నన్ను ఏనాడూ ఒక్క మాట అన్నేదు. ఆ సుక్కలోన ఏటుందో నీకొక్కదానికే కదా తెలుసు. ఏదో పెద్దమాట సెప్పీ."

నిజమే, ఆమె ఒక్కదానికే తెలుసు. 'అనంతం' అన్నా చాలు, అందరూ చప్పట్లు కొడతారు, ఆయన పరువు నిలబడుతుంది, అమ్మ భయం తీరుతుంది. అల్మరాలోని కొయ్యపెట్టె గుర్తొచ్చింది. ముక్కూమొహం తెలియని ఆవిడ కోసం ఆడని అబద్ధం సొంత తల్లి కోసం ఆడితే, ఆవిడకు నిజం చెప్పిన రోజు తాను చేసింది ఉత్త కఠినత్వమే అవుతుంది.

"చెప్పలేనమ్మా" అంది. "ఉన్నదే చెప్పాలి. చెప్పకపోతే నేను మళ్ళీ ఆ తొడుగు వేసుకోలేను."

నూకాలు చేట తీసుకుని మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఏరిన గింజలే ఏరింది. చివరకు, "అయితే నువ్వు సెప్పకు" అంది. "ఎట్టినది నాను. సెప్పాల్సింది నాను. రేపు నన్ను కూడా తీసికెల్లు."

మర్నాడు ఆటో దిగి, గంజిపెట్టిన నేతచీర కుచ్చిళ్ళు సర్దుకుని నూకాలు ప్రయోగశాల మెట్లెక్కుతుంటే వరండాలో సుధాంశు గారు ఎదురయ్యారు. "నూకాలూ! నువ్విక్కడేమిటి?" అంటూ ఆయన మొహం విప్పారింది. ఆ మొహం చూసి నూకాలు అక్కడే ఏడిచేసింది. లోపల కుర్చీ వేస్తే అంచు మీద కూర్చుని, రాజ్యలక్ష్మి గారికీ ఆదిశేషయ్య గారికీ దణ్ణం పెట్టి ఒక్క గుక్కలో చెప్పింది.

"బాబుగారూ, ఆ సుక్క మీరెట్టింది కాదు. నానెట్టినాను. దిష్టిసుక్క. మీరు భోజనానికెల్లినప్పుడు ఎట్టీసినాను. తప్పయిపోనాది."

సుధాంశు గారు సత్యవేణివైపు చూశారు. "నిజమేనా అమ్మా?"

"నిజమేనండి." సత్యవేణి కాగితం తీసి, చదివినదంతా చదివి వినిపించింది. నడుంనొప్పి. కాస్త గొప్ప. ఎవరేమంటారోనన్న ఎదురుచూపు. కింది పూతల్లో హాయి. చుక్కలో, ఎవరికో ఏమీ కాకూడదన్న ఆరాటం. ఆ ఎవరో తానేనని కూడా చెప్పింది. ఒక్క మాట వదిలిపెట్టలేదు.

సుధాంశు గారు బొమ్మ ముందుకు వెళ్ళి వంగి చుక్కను చూశారు. వంగినప్పుడు నడుం పట్టుకున్నారు. ఆదిశేషయ్య గారికి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నారు.

"నవ్వండి, పరవాలేదు. నడుంనొప్పి మాట నిజమే" అన్నారు సుధాంశు గారు. అలా వంగే ఉండి మాట్లాడారు. "నేను పెట్టినట్టు నాకు గుర్తులేదు. కాని నేనే పెట్టి ఉంటాననుకున్నాను. ఎందుకంటే ఈ పలక మొత్తం మీద నేను పెట్టి ఉంటే బాగుండుననిపించింది అదొక్కటే. ఆ తరవాత ఇరవైమూడు బొమ్మల్లో చుక్కలు పెట్టాను నూకాలూ. మూలన పెట్టాను, మధ్యన పెట్టాను, ఒకదాంట్లో నాలుగు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఒక్కటీ కుదరలేదు. నాకు తెలుసు కుదరలేదని. చెయ్యి పోయిందేమోనని పదకొండేళ్ళు భయపడ్డాను."

"చెయ్యి పోనేదు బాబుగారూ. కాటుక వేరు, అంతే" అంది నూకాలు. ఆయన మొదటిసారి గట్టిగా నవ్వారు. ఆ నవ్వులో బాధ లేకపోలేదు. ఉన్నా నవ్వారు.

ఇక మిగిలింది రాజ్యలక్ష్మి గారు. ఆవిడ లేచి కుర్చీని తానే బొమ్మ ముందుకు లాక్కుని కూర్చున్నారు.

"మూడేళ్ళ కిందట మావారు పోయిన రెండో నెలలో, ఢిల్లీలో ఒకరి బలవంతం మీద ఈ బొమ్మ చూడ్డానికి వెళ్ళాను" అన్నారు. "తెల్లగోడ చూడ్డానికి ఇంత దూరం వచ్చానా అని నామీద నాకే చిరాకేసింది. వెళ్ళిపోతూ ఆ చుక్క చూశాను. కూర్చుండిపోయాను. తలుపులేసే మనిషి వచ్చి లేపేదాకా లేవలేదు. ఎవరో నా గురించి కంగారు పడుతున్నట్టనిపించింది. నాకేమీ కాకూడదని గట్టిగా అనుకుంటున్నట్టు. పుస్తకం కొని మొత్తం చదివానండీ సుధాంశు గారూ, ఏమీ అనుకోకండి. అందులో ఆ మాట ఎక్కడా లేదు. అందుకే యంత్రం అన్నాను. పేపర్లవాళ్ళ కోసం కాదు. నాకు మతి చలించలేదని తెలుసుకుందామని."

సత్యవేణి చప్పున చుక్క వైపు చూసింది. యంత్రం లేకుండా, తొడుగు లేకుండా, ఒక మనిషికి ఆ చుక్క చేరింది. వెంటనే తాను చేసిన పని గుర్తొచ్చి మొహం మాడిపోయింది.

"కాని అమ్మగారూ, నేను చదివేశాను. ఇప్పుడందులో ఏమీ లేదు. నేనే అవగొట్టేశాను."

రాజ్యలక్ష్మి గారు తల ఊపి చుక్క వైపు చూస్తూ కూర్చున్నారు. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. ఎవరూ కదల్లేదు. నూకాలు మాత్రం మోకాళ్ళు రుద్దుకుంది.

"ఉంది" అన్నారు ఆవిడ చివరికి.

"యంత్రం లెక్క ప్రకారం లేదమ్మా" అన్నారు ఆదిశేషయ్య గారు మర్యాదగా.

"అయితే యంత్రాన్ని ఎవరికైనా చూపించండి."

ఆదిశేషయ్య గారు ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంటూ, మరో పద్నాలుగేళ్ళకు సరిపడా పని దొరికిన సంబరంతో కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు. ఇరవై ఆరు కోట్లు చేస్తుందా అన్న సంగతి ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. ఆ తరవాత పేపర్లు ఎత్తాయి, ఇప్పటికీ ఎత్తుతూనే ఉన్నాయి. బొమ్మ కింద అట్టముక్క మీద ఏం రాయాలో మాత్రం సుధాంశు గారు అక్కడే చెప్పి రాయించారు. 'శ్వేతం–9. తెలుపు: సుధాంశు, నూకాలు. చుక్క: నూకాలు.'

తనకు రావలసింది మాత్రం తానే ఖర్చు చేసుకున్నానన్న దిగులు సత్యవేణిని వదల్లేదు. రాజ్యలక్ష్మి గారికి కనిపించేది తనకు ఇంక కనిపించదు. ఒక్క క్షణం అందింది, అదీ పనిలో ఉండగా. శనివారం సాయంత్రం తల్లి దగ్గర ఆ మాట అంటే నూకాలుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆశ్చర్యపోయింది.

"దానికేడుస్తావేటే? అయిపోతే అయిపోనాది. కాటుక అయిపోనేదు కదా!"

ఆదివారం పొద్దున కళాభవనానికి బయలుదేరే వేళకు నూకాలు పట్టుచీర కట్టుకుని తయారుగా కూర్చుంది. సత్యవేణి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, సిగ్గుపడుతూ, తల్లి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, కుడికాలు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

"చెంప మీద వద్దమ్మా, ఫొటోలు తీస్తారు. అరికాల్లో పెట్టు."

నూకాలు కొంగుముడి విప్పి బరిణె తీసింది. ఉంగరం వేలు అరికాలికి మెత్తగా ఆనింది, చిన్నగా గుండ్రం తిరిగింది, ఒక్క క్షణం నొక్కిపెట్టి లేచింది. మిగిలిన కాటుకను కుడిచెవి వెనక తుడుచుకుంది. సత్యవేణికి ఏ తొడుగూ లేదు. అంతా తెలిసింది.

కళాభవనం జనంతో కిటకిటలాడుతోంది. తెల్లగోడ ఫొటో దిగినాయన కూడా కుటుంబంతో వచ్చి శ్వేతం–9 ముందు ఫోను తియ్యకుండా నిలబడ్డాడు. సుధాంశు గారు నూకాలును పక్క గదిలోకి తీసుకెళ్ళి, మొన్ననే ముగించిన కొత్త బొమ్మ చూపించి, "దీనికి కూడా నీ చేత్తో ఒక చుక్క పెట్టు నూకాలూ" అని అడిగారు. నూకాలు దాన్ని పైకీ కిందికీ చూసి, ఆయన మనసు నొచ్చుకోకుండా మెల్లగా చెప్పింది.

"దీనికక్కర్లేదు బాబుగారూ. దిష్టి తగిలీటంత బాగా రానేదు."

ఆయన బిత్తరపోయి, తరవాత ఆ బొమ్మను గోడ మీంచి దింపించి మళ్ళీ పనిశాలకు పంపేశారు. అటుపోతున్న ఆదిశేషయ్య గారు ఇదంతా చూసి మురిసిపోతూ, గుంపులో అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్న సత్యవేణిని చూశారు. కుడికాలు మడమ మీదే ఆనిస్తోంది, మధ్యపాదం నేలకు తగలకుండా.

"కాలికి ఏమైందమ్మా?" అన్నారు కంగారుగా.

"ఏమీ కాలేదు సార్" అంది సత్యవేణి. "ఏమీ కాదు కూడా."